ఒకటో తరగతి పిల్లలకు ఏం వచ్చో తెలుసుకోవడం ఎలా?

జూన్‌లో బడి తెరిచాక ఒకటో తరగతి గదిలోకి వచ్చే పిల్లలందరూ ఒకే చోటు నుంచి రారు. ఒకరు రెండేళ్లు అంగన్‌వాడీలో పాటలు పాడుకుని, బొమ్మలతో ఆడుకుని వస్తారు. మరొకరు ప్రైవేటు బడిలో ఎల్‌కేజీ, యూకేజీ చదివి, నూరు దాకా అంకెలు గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతారు. ఇంకొకరు పనుల కోసం వలస వెళ్లిన తల్లిదండ్రుల వెంట ఊళ్లు తిరిగి, పలకను మొదటిసారిగా మీ గదిలోనే చేత పట్టుకుంటారు. వీరందరి ముందూ ఒకే పుస్తకం తెరిచి, ఒకే పుట దగ్గర మొదలుపెడితే కొందరికి విసుగు పుడుతుంది, కొందరికి భయం పట్టుకుంటుంది. కాబట్టి పాఠం మొదలుపెట్టే ముందు ఏ బిడ్డ ఎక్కడ ఉందో తెలుసుకోవాలి. ఆ పని ఎలా చేయాలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులను దృష్టిలో ఉంచుకుని ఇక్కడ రాస్తున్నాను. ఇంట్లో ఐదారేళ్ల బిడ్డ ఉన్న తల్లిదండ్రులకు కూడా ఇందులో చాలా భాగం ఉపయోగపడుతుంది.

ముందుగా ఎందుకు చేస్తున్నామో తేల్చుకోండి

ఒకటో తరగతిలో మదింపు, అంటే బిడ్డకు ఏం వచ్చో చూడడం, మార్కుల కోసం కాదు, రేపు ఆ బిడ్డతో మనం ఏం చేయాలో తెలుసుకోవడానికి. కనుక మీరు అడగబోయే ప్రతి ప్రశ్ననూ ఒకసారి ఇలా పరీక్షించుకోండి: దీనికి జవాబు తెలిస్తే రేపటి నా బోధనలో ఏదైనా మారుతుందా? మారదనుకుంటే ఆ ప్రశ్నను వదిలేయండి. 2022 అక్టోబరులో వెలువడిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు రాత పరీక్షలు ఏమాత్రం తగవని, పిల్లలను గమనించడం ద్వారా, వారు చేసిన పనులను పరిశీలించడం ద్వారా వారి ప్రగతిని తెలుసుకోవాలని చెబుతోంది. చదవడమే రాని బిడ్డ చేతిలో ప్రశ్నపత్రం పెడితే, ఆ బిడ్డకు చదవడం రాదన్న ఒక్క సంగతి తప్ప మరేదీ మనకు తెలియదు.

రెండోది, ఏ లక్ష్యాన్ని ఎప్పుడు చూడాలన్న స్పష్టత ఉండాలి. 2021 జూలైలో ప్రారంభమైన నిపుణ్ భారత్ కార్యక్రమం ఒక్కో ఏడాది ముగిసేసరికి పిల్లలు ఏం చేయగలగాలో నిర్దేశించింది. బాలవాటిక (ఒకటో తరగతికి ముందు ఏడాది) ముగిసేనాటికి అక్షరాలనూ వాటి ధ్వనులనూ గుర్తించాలి, రెండు మూడు అక్షరాల సులువైన పదాలు చదవాలి, 10 వరకు అంకెలు చదవాలి. ఒకటో తరగతి ముగిసేనాటికి నాలుగైదు సరళమైన పదాలున్న చిన్న వాక్యాలను, అవీ ముందెన్నడూ చూడని వాటిని, చదవాలి; 99 వరకు సంఖ్యలు చదివి రాయాలి; చిన్న చిన్న కూడికలు, తీసివేతలు చేయాలి. చాలా బడుల్లో జరిగే పొరపాటు ఏమిటంటే, ఏప్రిల్‌లో చూడవలసిన ఈ లక్ష్యాలతో జూన్‌లోనే పిల్లలను కొలిచి, సగం తరగతిని వెనుకబడిన వారి జాబితాలో వేయడం. జూన్‌లో చూడవలసినవి బాలవాటిక లక్ష్యాలు. అవి కూడా లేకపోతే అది బిడ్డ లోపం కాదు. ఆ బిడ్డకు అటువంటి ఏడాది దొరకలేదనే అర్థం. ఒకటో తరగతి మొదటి మూడు నెలలు ఆటపాటలతో బడికి సిద్ధం చేయాలని విద్యాప్రవేశ్‌ను రూపొందించింది ఇందుకే.

మొదటి రెండు వారాలు: చూడండి, అడగకండి

బడికి కొత్తగా వచ్చిన బిడ్డను మొదటి రోజే కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగితే, వచ్చే జవాబు బిడ్డ తెలివిని చెప్పదు, బెరుకును చెబుతుంది. అందువల్ల మొదటి రెండు వారాలు ఏ పరీక్షా పెట్టకుండా, పిల్లలు ఆడుకునేటప్పుడు, మధ్యాహ్న భోజనం దగ్గర, పాట పాడేటప్పుడు గమనించండి. ఎవరు తన పేరు చెబుతున్నారు, ఎవరు రెండు పనులు కలిపి చెబితే రెండూ గుర్తుంచుకుని చేస్తున్నారు (“పలక సంచిలో పెట్టి, వచ్చి వరుసలో నిలబడు” అన్నప్పుడు పలక పెట్టి అక్కడే ఆగిపోయేవారు ఎవరు), ఎవరు చొక్కా గుండీలు తామే పెట్టుకుంటున్నారు, ఎవరు ఏ ఆటలోనూ కలవకుండా గోడకు ఆనుకుని నిలబడుతున్నారు అన్నవి చూసుకుంటూ పోండి.

కళ్లు, చెవుల సంగతి కూడా ఈ రెండు వారాల్లోనే తేల్చుకోవాలి. పుస్తకాన్ని ముఖానికి బాగా దగ్గరగా పెట్టుకునే బిడ్డను, నల్లబల్ల చూసేటప్పుడు కళ్లు చికిలించే బిడ్డను, వెనుక నుంచి పిలిస్తే తిరగని బిడ్డను వెంటనే గుర్తుపెట్టుకోండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్య బృందాలు ప్రభుత్వ బడులకు వచ్చి పిల్లలను పరీక్షిస్తాయి; ఆ బృందం వచ్చిన రోజున మీ దగ్గర పేర్లు సిద్ధంగా ఉండాలి. బృందం రాక ఆలస్యమయ్యేలా ఉంటే తల్లిదండ్రులకు చెప్పి దగ్గరి ఆసుపత్రిలో చూపించమనండి. చూపు ఆనని బిడ్డ అక్షరాలు నేర్చుకోవడం లేదని ఆర్నెల్లు బాధపడి, ఆ తర్వాత కళ్లద్దాలు వచ్చాక వారం రోజుల్లో చదవడం చూసిన ఉపాధ్యాయులు మనలో చాలామందే ఉన్నారు.

ఒక్కొక్కరితో ఎనిమిది నిమిషాలు

మూడో వారం నుంచి ఒక్కొక్క బిడ్డతో విడిగా కూర్చోండి. గదిలో ఇరవై మంది ఉంటే, రోజుకు ఇద్దరి చొప్పున పది పనిదినాల్లో ఇది పూర్తవుతుంది. మిగిలిన పిల్లలు బొమ్మలు గీసుకునే సమయాన్నో, పెద్ద తరగతి పిల్లలు కథ చెప్పే సమయాన్నో దీనికి వాడుకోవచ్చు. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఇది కష్టమని నాకు తెలుసు. అక్కడ రోజుకు ఒక్కరితోనే కూర్చున్నా నెల రోజుల్లో అయిపోతుంది. 2005 నుంచి ఊరూరా తిరిగి పిల్లల చదువును కొలుస్తున్న అసర్ సర్వేలోనూ పిల్లలను ఒక్కొక్కరినే కూర్చోబెట్టుకుని చదివిస్తారు.

కావలసిన సామగ్రి ఖర్చులేనిదే. ఇరవై చింతపిక్కలు, ఒక కొబ్బరి చిప్ప, పాత క్యాలెండరు వెనుక వైపు అట్టలతో చేసుకున్న అక్షరాల కార్డులు, పదాల కార్డులు, ఒక పెద్ద బొమ్మ, పలక, బలపం ఉంటే చాలు. బిడ్డకు ఎదురుగా కాకుండా పక్కన, చాప మీద, అదే ఎత్తులో కూర్చోండి. ముందు బిడ్డకు కచ్చితంగా వచ్చిన పనితో మొదలుపెట్టి, వచ్చిన పనితోనే ముగించండి. వరుసగా మూడింటికి జవాబు రాకపోతే అక్కడితో ఆపేసి మాట మార్చండి. తప్పు చెప్పినప్పుడు సరిచేయవద్దు, ముఖం చిట్లించవద్దు. ఇది నేర్పే సమయం కాదు, తెలుసుకునే సమయం. అడిగిన ప్రశ్ననే మళ్లీ అడగకండి కూడా. పెద్దవాళ్లు రెండోసారి అడిగారంటే మొదట చెప్పింది తప్పేమోనని చిన్నపిల్లలు సరైన జవాబునే మార్చేసుకుంటారు.

మాట, వినికిడి, చదువు

మొదట మాట్లాడించండి. సంత బొమ్మో, పొలం బొమ్మో చూపించి “ఇక్కడ ఏం జరుగుతోంది, నాకు చెప్పు” అనండి. ఒక్కొక్క వస్తువు పేరు మాత్రమే చెబుతోందా, “తాత మేకను పట్టుకుపోతున్నాడు” అని పూర్తి వాక్యం చెబుతోందా, “వాన వస్తుందని పరిగెత్తుతున్నారు” అని కారణం కూడా కలుపుతోందా అన్నది వినండి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఉల్లిపాయ బొమ్మ చూపించి మొదటి అక్షరం అడిగితే, రాయలసీమ బిడ్డ “ఎర్రగడ్డ” అనుకుని “ఎ” అంటుంది, కోస్తా బిడ్డ “ఉ” అంటుంది. రెండూ సరైనవే. సొరకాయను ఆనపకాయ అనే ఇంటి నుంచి వచ్చిన బిడ్డకూ ఇదే వర్తిస్తుంది. బొమ్మను బిడ్డ ఏ పేరుతో పిలుస్తుందో ముందు అడిగి, ఆ పేరులోని ధ్వనినే అడగండి. బ, భల మధ్య, ల, ళల మధ్య, శ, ష, సల మధ్య తేడా ఇంటి మాటలో లేని పిల్లలు ఎందరో ఉంటారు. మొదటి ఏడాదిలో ఉచ్చారణను చదువు రానితనంగా లెక్కించడం పెద్ద అన్యాయం.

తర్వాత చెవితో చేసే పని. “పలక” అని పలికి, ఒక్కో ముక్కకు ఒక్కో చప్పట్టు కొట్టమనండి. మూడు చప్పట్లు పడ్డాయా చూడండి. “పలకలో మొదట ఏం వినిపించింది?” అని, ఆపైన “అది తీసేస్తే ఏం మిగిలింది?” అని అడగండి. “లక” అని చెప్పగలిగిన బిడ్డకు ఒక్క అక్షరం కూడా రాకపోయినా మీరు బెంగపడనక్కరలేదు, అక్షరాలు త్వరలోనే పట్టుబడతాయి. అక్షరమాల అంతా కంఠతా వచ్చి, చప్పట్లు మాత్రం కొట్టలేని బిడ్డ విషయంలోనే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి.

ఇక అక్షరాలు, పదాలు. అక్షరమాలను వరుసలో చదివించడం వల్ల ఏమీ తెలియదు, ఎందుకంటే అది పాట. తరచుగా వచ్చే పది పన్నెండు అక్షరాలను కలిపేసి, ఒక్కో కార్డుగా చూపించండి. మ చూసి య అనడం, ప చూసి వ అనడం, ‘వు’నూ ‘మ’నూ ఒకటిగా చూడడం ఏటా కనిపించే తికమకలే. ఏ అక్షరాన్ని ఏ అక్షరంగా చదివిందో అలాగే రాసుకోండి. ఆ తర్వాత గుణింతం లేని సరళ పదాలు (వల, తల, జడ, పడవ), ఆపైన గుణింత పదాలు (మేక, కాకి, బావి, కోడి), చివరికి ఒత్తులున్న పదాలు (బొమ్మ, కుక్క, గువ్వ). ఈ మెట్లలో బిడ్డ ఆగిన చోటే మీ బోధన మొదలయ్యే చోటు. ‘అమ్మ’ అనే పదంతో జాగ్రత్తగా ఉండండి. దాన్ని దాదాపు ప్రతి బిడ్డా చదువుతుంది, కానీ చాలామంది దాన్ని ఒక బొమ్మలా గుర్తుపడతారు. పక్కనే ‘బొమ్మ’ అని ఉన్న కార్డు పెడితే అసలు సంగతి తెలుస్తుంది.

ఈ విషయంలో నేను చేసిన పొరపాటు చెప్పాలి. ఉద్యోగంలో చేరిన తొలి ఏడాది, నా తరగతిలో ఒక పాప పుస్తకం తెరిచి గేయాలన్నీ గడగడా చదివేది. రిజిస్టరులో ఆమె పేరు ఎదుట ‘ధారాళంగా చదువుతుంది’ అని రాసి, ఇక ఆమెవైపు చూడనేలేదు. దసరా సెలవుల తర్వాత ఒకరోజు ఆమె పక్కన కూర్చుని వింటుంటే, చూపుడువేలు రెండో పాదం మీద ఉంది, నోరు నాలుగో పాదం చదువుతోంది. వేలు ఉన్న చోట ఏముందో చదవమంటే నా ముఖంలోకి చూసి ఊరుకుంది. ఆ పాపకు పదిహేను అక్షరాలకు మించి రావు. నాలుగు నెలలుగా ఆమె గొప్పగా చేస్తున్నది వినికిడితో గుర్తుంచుకోవడం, దాన్ని నేను చదవడం అనుకున్నాను. అప్పటి నుంచి పాఠ్యపుస్తకంలోని పదాలతో నేను ఏ బిడ్డనూ పరీక్షించలేదు. మీరు కూడా ఎప్పుడూ పుస్తకంలో లేని పదాలను, లేని వాక్యాలను వాడండి, బిడ్డ వేలు ఎక్కడ ఉందో చూడండి.

ఏడాది చివర వాడడానికి “మేక ఆకులు తిని నీడలో పడుకుంది” వంటి వాక్యాలు నాలుగు ముందే రాసి దాచుకోండి. చదివిన తర్వాత “మేక ఎక్కడ పడుకుంది?” అని అడగడం మరిచిపోవద్దు. కూడబలుక్కుని చదివినా జవాబు చెప్పిన బిడ్డ, గబగబా చదివి జవాబు చెప్పలేని బిడ్డ కంటే ముందున్నట్లే.

లెక్కలు: చింతపిక్కలు, కొబ్బరి చిప్ప

ఒకటి నుంచి వంద దాకా చెప్పడం కూడా పాటే. ఎనిమిది చింతపిక్కలు చాప మీద చెల్లాచెదురుగా పోసి, ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టమనండి. నోరు, వేలు కలిసి నడుస్తున్నాయా, ఏదైనా పిక్కను వదిలేస్తోందా, ఒకదాన్నే రెండుసార్లు లెక్కిస్తోందా, లెక్కించిన వాటిని పక్కకు జరుపుకుంటోందా చూడండి. లెక్క అయ్యాక “మొత్తం ఎన్ని?” అనండి. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టిన బిడ్డకు చివర పలికిన అంకే మొత్తాన్ని చెబుతుందన్న సంగతి ఇంకా తట్టలేదన్నమాట. తర్వాత అవే పిక్కలను బిడ్డ చూస్తుండగానే దూరదూరంగా జరిపి “ఇప్పుడు ఎన్ని?” అనండి. “ఐదు నా చేతిలో పెట్టు” అన్నప్పుడు పిడికెడు పోసేసే బిడ్డ, ఐదు దగ్గర ఆగే బిడ్డ ఒకే మెట్టు మీద లేరు. వందదాకా అప్పజెప్పే పిల్లల్లో కొందరు ఇక్కడే ఆగిపోతారు.

కూడిక, తీసివేతలకు గుర్తులు అక్కరలేదు. ఐదు పిక్కలు చూపించి కొబ్బరి చిప్ప కింద దాచండి. బిడ్డ చూస్తుండగా రెండింటిని బయటికి తీసి “లోపల ఎన్ని మిగిలాయి?” అని అడగండి. వేళ్లు మడుస్తోందా, ఊహించి చెబుతోందా, చిప్ప ఎత్తబోతోందా అన్నది చూడండి. ఈ మూడూ మూడు వేర్వేరు స్థితులు. పలక మీద 5 − 2 చేయలేని బిడ్డ చిప్ప దగ్గర తడుముకోకుండా “మూడు” అంటే, ఆ బిడ్డకు తీసివేత వచ్చు, గుర్తు ఒక్కటే రాదు. గుర్తు నేర్పడానికి ఎంతో కాలం పట్టదు.

పది దాటిన సంఖ్యలను దసరా తర్వాతే చూడండి. పదకొండు, పన్నెండు, పంతొమ్మిది అన్న మాటల్లో పదీ ఒకట్లూ పైకి స్పష్టంగా కనిపించవు కాబట్టి పిల్లలు అక్కడ తడబడతారు. ఇరవై దాటాక మాట తిన్నగా ఉంటుంది గానీ రాత తడబడుతుంది: “ఇరవై ఐదు” అంటే 20 పక్కన 5 పెట్టి 205 అని రాస్తారు. అది నిర్లక్ష్యం కాదు, విన్నదాన్ని విన్నట్టే రాయడం. పది పుల్లల కట్టలు రెండు, విడి పుల్లలు ఐదు చేతికిచ్చి చెప్పించి, రాయించి చూడండి. కట్టలతో సరిగ్గా పెట్టి రాతలో మాత్రం తప్పిన బిడ్డకు ఒకట్లు, పదుల స్థానాలు ఒక్కటే నేర్పాలి.

రాత గురించి ఎక్కువ చెప్పను. జూన్‌లో బలపం పట్టుకునే తీరు, గీసిన గీత పలక దాటిపోకుండా ఆగుతోందా అన్నవి చాలు. ప్రతి నెల మొదటి తేదీన ఒక మనిషి బొమ్మ గీయించి, తేదీ వేసి దాచండి. తల నుంచి నేరుగా కాళ్లు మొలిచిన జూన్ బొమ్మ పక్కన, వేళ్లూ గుండీలూ ఉన్న ఫిబ్రవరి బొమ్మ పెట్టి చూస్తే, ఏ మార్కుల జాబితా చెప్పలేనిది తల్లికి అర్థమవుతుంది.

ఇంటి భాష వేరైనప్పుడు

ఆదిలాబాద్ గోండు గూడెం నుంచి, భద్రాచలం ప్రాంతపు కోయ గూడెం నుంచి, సీతంపేట సవర ఊళ్ల నుంచి, లంబాడా తండా నుంచి వచ్చిన బిడ్డ తెలుగులో మౌనంగా ఉంటే, దాన్ని ఏమీ తెలియకపోవడంగా రాసుకోవద్దు. బొమ్మ గురించి చెప్పించే పని, పిక్కలు లెక్కపెట్టించే పని, ఆ భాష తెలిసిన అంగన్‌వాడీ ఆయా చేతనో, అయిదో తరగతి అక్క చేతనో ఆ భాషలోనే అడిగించండి. “సొంత భాషలో వచ్చు, తెలుగులో ఇంకా రాదు” అని రెండూ విడివిడిగా రాయండి. తెలంగాణలో 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మాధ్యమం వచ్చి, పుస్తకాలు రెండు భాషల్లో ఉన్నాయి కనుక ఇదే మాట తెలుగు పిల్లలకూ వర్తిస్తుంది: ‘సెవెన్’ అనలేని బిడ్డను ఏడు రానట్టుగా లెక్కించకూడదు.

అదే రోజు రాసిపెట్టండి

ఒక్కో బిడ్డకు నోటుపుస్తకంలో ఒక పుట కేటాయించండి. సాయంత్రం బడి వదిలేలోపు రాయకపోతే ఇరవై మంది ముఖాలూ కలిసిపోతాయి. ‘మందకొడి’, ‘వెనుకబడింది’, ‘చురుకు’ వంటి మాటలు రాయకండి. అవి బిడ్డ మీద ముద్ర వేస్తాయే గానీ రేపు ఏం చేయాలో చెప్పవు. దానికి బదులు ఇలా రాయండి: “జూలై 8. ప, ల, క గుర్తించింది. మ చూసి య అంది. పడవను మూడు అక్షరాలుగా చదివింది, కలిపి చెప్పలేకపోయింది. ఎనిమిది పిక్కలు లెక్కించింది. మొత్తం ఎన్ని అంటే మళ్లీ మొదలుపెట్టింది.” ఈ ఐదు వాక్యాలు చదివిన ఏ ఉపాధ్యాయుడైనా మర్నాడు ఏం చేయాలో చెప్పగలడు. ఎఫ్‌ఏ, ఎస్‌ఏలకు (ఏడాది మధ్యలో, చివరలో బడి జరిపే మదింపులకు) మార్కులు వేయవలసి వచ్చినప్పుడు కూడా ఈ పుటల నుంచే వేయండి.

ఇరవై పుటలూ ఒకచోట పరిచి చూస్తే, ఒకే చోట ఆగిన పిల్లలు కనిపిస్తారు. అక్షరాలు కలపలేని వారు ఆరుగురు ఉంటే, రోజూ ఇరవై నిమిషాలు ఆ ఆరుగురితో ఆ ఒక్క పనే చేయండి. జట్టు చదువుకు ఒకటి, లెక్కలకు మరొకటి ఉండాలి, రెండు మూడు వారాలకోసారి మారుతూ ఉండాలి. ఏడాదంతా ఒకే మూలలో కూర్చున్న జట్టులోని పిల్లలు తాము ఎవరో త్వరగానే తెలుసుకుంటారు, ఆ తర్వాత ప్రయత్నం మానేస్తారు. జట్టుగా శ్రద్ధ పెట్టిన ఆరేడు వారాల తర్వాత కూడా ఏ కదలికా లేని బిడ్డ ఉంటే, వయసును ఒకసారి చూడండి. ఐదేళ్లు నిండగానే చేరిన బిడ్డను ఆరు దాటిన బిడ్డతో పోల్చడం సరికాదు. వయసూ, హాజరూ సరిగ్గానే ఉంటే మండలంలోని భవిత కేంద్రపు (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే కేంద్రం) రిసోర్సు పర్సన్‌ను పిలిచి చూపించండి. మీరే ఏదో ఒక వ్యాధి పేరు పెట్టి తల్లిదండ్రులకు చెప్పవద్దు.

తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు వచ్చినవాటితో మొదలుపెట్టి, ఇంట్లో చేయదగిన ఒక్క పని చెప్పండి. “అమ్మా, మీ బాబు ఎనిమిది దాకా చక్కగా లెక్కపెడుతున్నాడు. వంటకు కూర్చున్నప్పుడు ఐదు వంకాయలు ఏరి ఇవ్వమనండి, తెచ్చాక ఎన్ని తెచ్చావని అడగండి” అంటే, చదువురాని తల్లి కూడా ఆ రాత్రికే ఆ పని చేయగలదు. పక్కింటి పిల్లతో పోలిక మీ నోటి నుంచి రాకూడదు.

దసరా సెలవుల తర్వాత ఒకసారి, సంక్రాంతి తర్వాత ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి ఇదే విధంగా కూర్చోండి. జూన్‌లో వచ్చినవాటిని మళ్లీ అడగనక్కరలేదు, ఆగిన మెట్టు నుంచి అడిగితే రెండోసారికి ఐదు నిమిషాలే పడుతుంది. ఏప్రిల్‌లో మాత్రం అదే చాప, అవే పిక్కలు, అదే కొబ్బరి చిప్ప తెచ్చి మొదటి నుంచి చేయించి, జూన్ పుట పక్కనే రాయండి. ఆ నోటుపుస్తకాన్ని రెండో తరగతి తీసుకోబోయే ఉపాధ్యాయులకు వేసవి సెలవులకు ముందే చేతికి ఇవ్వండి. మీకు బదిలీ అవుతుందనుకుంటే, ప్రధానోపాధ్యాయుల బీరువాలో పెట్టి, హాజరుపట్టీ మొదటి పుటలో అది ఎక్కడ ఉందో రాసి వెళ్లండి.